అర అంగుళం

గుంటూరు ప్యాసింజర్లో, పాత దుప్పటి చుట్టుకుని
పాలరాతి మెట్ల మీద కూర్చున్న అమ్మాయి
బెజవాడ వన్‌టౌన్‌లో మా కొట్టుకు వచ్చింది.
దుప్పటి విప్పుతూనే సుగుణమ్మగారన్నారు:
"ఫ్రేముకు చెదలు. బొమ్మ జోలికి మాత్రం పోకు."

పొగాకు కంపెనీ దొర సీమకు పోతూ వేలం వేసిన సామాను:
ఇనపమంచం, ఐసుపెట్టె, ఇది.
వాళ్ళ మామగారు గ్రేడింగు గుమాస్తా,
మంచానికి పాడితే బొమ్మ కలిసొచ్చిందట.
అప్పట్నించీ కుట్టుమిషను పైన మేకుకి,
డెబ్బయ్యేళ్ళు.
"థార్న్‌లీ అనే దొర వేశాట్ట" అన్నారు, వెళ్తూ.

మేకులు ఊడదీశాను.
మొదటి తుమ్ము అక్కడే.
కాన్వాసు వెనక, చట్రం సందుల్లో
యార్డు మిరప ధూళి,
ఎన్ని పంటలదో, ఇటుకరంగుకి తిరిగి.
ముందువైపు పొగాకు పసుపు.

జోలికి పోవద్దన్నారు. పోయాను.
దూదికి ఉమ్మి తడి చేసి, నాన్న నేర్పినట్టే,
నయాపైసంత మేర, ఒక మూల.
ఆకాశం బయటపడింది.

మే నెల. ఫ్యాను వేడిని కలియబెడుతోంది.
సందులో తారు చెప్పులకి అంటుకుంటోంది.
బొమ్మలో మాత్రం ఎండ ఎంత మర్యాదస్తురాలో!
మెట్లు దిగి, పాదాల దాకా వచ్చి, ఆగి,
లోపలికి రావచ్చా అని అడుగుతున్నట్టు.
ఇది వేసిన మనిషి ఎండలో నిలబడి ఎరగదు.
పాలరాయీ అంతే,
ఏ మొహం కడుక్కునే తొట్టినో ఎదురుగా పెట్టుకుని
కొండంత మేడ కట్టేసింది.

దేవతో, రాచకూతురో.
భుజాన ఒకే ముడి, తెల్లబట్ట,
మడత మడతకీ ఓపిక.
ముఖంలో ఏమీ లేదు.
అందంగా, ఏమీ లేదు.

మూడో రోజు చేతులు తేలాయి.

కణుపులు ఎర్రగా.
గోళ్ళ చుట్టూ చర్మం పగిలి.
సోడా నీళ్ళలో ఏళ్ళ తరబడి నానిన చేతులవి.
మెడకీ మణికట్టుకీ మధ్య ఎక్కడో
దేవత ఆగిపోయి
బట్టలుతికే పిల్ల మొదలైంది.
చూసింది చూసినట్టు వేసింది, ఆ ఒక్క చోట.

ఆఖరున ఎడమ చట్రం లాగితే
దాని గాడి కింద అర అంగుళం.
పొగ తగల్లేదు, వెలుతురు తగల్లేదు.
నూట నలభై ఏళ్ళనాటి నీలం
పొద్దున కలిపినట్టుంది.
అందులో, థార్న్‌లీకి ముందు,
సన్న కుంచెతో
హెస్టర్.

ఆమే దాచుకుందో,
ఫ్రేము కట్టినవాడు చూసుకోలేదో,
అమ్మినవాడు
మగపేరైతే నాలుగు కాసులెక్కువని లెక్కేశాడో.
ఎవర్నడుగుతాం?

మా బోర్డు మీద
'వీరభద్రాచారి అండ్ సన్స్'.
కొడుకుల్లేరు.
రాసేవాడు అక్షరాల బేరం ముందే కుదుర్చుకున్నాడు,
ఖాళీ మిగిలితే సన్స్ పడ్డారు అనేవాడు నాన్న, నవ్వుతూ.
నేనూ నవ్వేదాన్ని.
నాన్న పోయి తొమ్మిదేళ్ళు. పెయింటు డబ్బా ఎంతని!

కొత్త చట్రం టేకుది.
గాడి సన్నగా తీశాను, ఎడమపక్క మరీ సన్నగా,
గోరు పట్టేంత.

సుగుణమ్మగారు కళ్ళజోడు సర్దుకుని
"ఇటువైపు ఏదో తేడాగా ఉందే" అన్నారు.
"తేడా కాదండీ, పేరు."
కూడబలుక్కుని చదివారు. "ఆడమనిషా!"
జోలికి పోయినందుకు తిడతారనుకున్నా.
బొమ్మలో చేతుల దగ్గర చాలాసేపు ఆగారు,
సూది గుచ్చుకున్న మచ్చల బొటనవేలితో
తాకీ తాకకుండా.
తర్వాత యాభై తగ్గించమని గట్టిగా బేరమాడారు.
తగ్గించాను.

చీకటి పడ్డాక ఊడ్చాను.
వాడేసిన దూది ఉండలు, గోధుమరంగువి, గంపెడు.
షట్టరు దించబోతుంటే మళ్ళీ తుమ్ము.
తుమ్మితే కాసేపు ఆగి కదలాలంటారు.
ఆగాను,
వీధిలో, తాళం చేత్తో,
బోర్డు కింద.